పేరు చెప్పను ప్రభువా

ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి గుర్తు సూర్యుడు కాదు, నర్సమ్మ దగ్గు. ఆ దగ్గు వినబడితే ఎవరి పని వాళ్లు వదిలేసి ముందుగదిలోకి వచ్చి కూర్చోవాలి. కొడుకు సగం గీసుకున్న గడ్డంతో వచ్చేవాడు. మనవరాలు ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని వచ్చేది. వాగుడు ఆగదు కాబట్టి ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవారు. కోడలు ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, టికెట్ల సంచీ భుజాన తగిలించుకుని, తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీ చివర కూర్చునేది. ఆమె బస్సు కండక్టరు. డిపో నుంచి బయల్దేరే మొదటి బస్సు ఆమెదే.

నర్సమ్మ ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఆ పేరు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. ఆమె చేతి సూది అంటే అప్పట్లో గొప్ప పేరు. గుచ్చినట్టే తెలిసేది కాదట. ఏడవడానికి సిద్ధపడి వచ్చిన పిల్లలు, ఏడుపు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక దిక్కులు చూసేవారట. గొంతు కూడా చేతిలాగే మెత్తన. వార్డులో ఆమె ఎవరినైనా కసిరిందంటే నమ్మేవాళ్లు లేరు.

ఆ వేళ కూడా కళ్లు మూసుకుని మెత్తగానే మొదలుపెట్టింది. రాత్రంతా కాపాడినందుకు దేవుడికి వందనాలు చెప్పింది. రోగుల కోసం, దిక్కులేనివాళ్ల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం వేడుకుంది. ఆ తర్వాత గొంతు ఇంకొంచెం మెత్తబడింది. ఇంట్లోవాళ్లకి ఆ మెత్తదనం సంగతి తెలుసు. గుచ్చబోయే చోట ముందుగా దూదితో తుడవడం అది.

"తండ్రీ, ఈ ఇంట్లో కొందరు ఉన్నారు. పేరు చెప్పను ప్రభువా, నీకే తెలుసు. రాత్రి తిన్న అంట్లు రాత్రే కడుక్కోవాలన్న బుద్ధి కొందరికి ఇంకా కలగలేదు. కలిగించు తండ్రీ. కొందరికి ఊరందరి మీదా ధ్యాసే గాని, కన్నబిడ్డ మీద ధ్యాస లేదు. ఆ ధ్యాస నువ్వే ఇవ్వాలి. అంతవరకూ నాకు ఓపిక ఇవ్వు ప్రభువా."

కొడుకు ఆమేన్ అన్నాడు. పిచ్చుక వీధి చివరిదాకా వినబడేలా ఆమేన్ అంది. మూడో ఆమేన్ రాలేదు.

ఏళ్ల తరబడి నాడి పట్టిన మనిషి కనక, తప్పిపోయిన ఆ ఒక్క దెబ్బ నర్సమ్మకి వెంటనే తెలిసింది. కళ్లు తెరిచి చూసింది. కోడలు అప్పటికే లేచి నిలబడి సంచీ పట్టీ సరిచేసుకుంటోంది. ముఖంలో కోపమేమీ లేదు. వెళ్లొస్తానత్తయ్యా అని రోజూ చెప్పినట్టే చెప్పి, వీధి గేటు గడియ వేసుకుని వెళ్లిపోయింది.

నర్సమ్మకి ఆ పూట టీ రుచించలేదు. ప్రార్థనకి ఆమేన్ అనకపోవడమంటే, పెట్టిన అన్నం ముందు నుంచి లేచిపోవడం లాంటిది. తాను చేసిన తప్పేమిటో ఆమెకి ఎంత వెతికినా దొరకలేదు. కోడలు ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇంతవరకూ తాను ఆమెను ఒక్క మాట అన్నది లేదు. ఎదురింటి దర్జీ ఆవిడ తన కోడలితో రోజూ వాకిట్లో పడే గొడవ చూసి, నర్సమ్మ లోలోపల దేవుణ్ణి స్తుతించుకునేది. ఆ దర్జీ ఆవిడ కూడా, అత్తంటే నర్సమ్మలా ఉండాలి, నోట్లో వేలు పెట్టినా కొరకదు అని నలుగురిలో అనేది. అది నిజమే. కొరికే మాటలన్నీ నర్సమ్మ పొద్దున్నే దేవుడికి అప్పజెప్పేసేది. ఇక కోడలి దగ్గరికొచ్చేసరికి తియ్యటి మాటలే మిగిలేవి.

కిందటేడు వరకూ పొద్దుటి ప్రార్థన నర్సమ్మ భర్త, పెద్దాయనది. ఆయన ప్రార్థన టీ చల్లారేలోపే అయిపోయేది. దేవుడికి చాలా పనులుంటాయి, నస పెట్టకూడదు అనేవాడు. ఆయన పోయాక ఆ కుర్చీలో నర్సమ్మ కూర్చుంది. మొదట్లో ఆమె ప్రార్థనంతా ఏడుపే. ఏడుపు కాస్త తగ్గాక, ఆ ఖాళీలోకి ఒక్కొక్కటిగా ఫిర్యాదులు వచ్చి చేరాయి. ఆ మార్పు ఇంట్లో అందరికీ తెలిసింది, ఆమెకి తప్ప.

వారమంతా ఆ మూడో ఆమేన్ రాలేదు. శనివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక నర్సమ్మ కొడుకు పక్కన పీట వేసుకుని కూర్చుంది. అతనిది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. ఆ పూట ఎవరిదో టేబుల్ ఫ్యాను ఇంటికి తెచ్చుకుని విప్పుతున్నాడు. మీ ఆవిడ ఆమేన్ ఎందుకు అనడం లేదురా అని అడిగింది. అతని నోట్లో రెండు మరలు ఉన్నాయి. అవి ఉన్నంతసేపూ జవాబు చెప్పే పని లేదని అతను ధైర్యంగా ఉన్నాడు. నర్సమ్మ అరచెయ్యి చాచింది. చిన్నప్పుడు మింగకూడనివి మింగబోయినప్పుడల్లా చాచిన చెయ్యే అది. అతను మారు మాట్లాడకుండా మరలు అందులో పెట్టేశాడు.

"డిపో వెనకాల క్వార్టరు ఇస్తామన్నారమ్మా," అన్నాడు ఫ్యాను రెక్కలు తుడుస్తూ. "తాళం తీసుకుంటారో లేదో సోమవారం చెప్పమన్నారు."

"ఎవరికి?"

"మాకు."

"మాకంటే?"

అతను రెక్కని తిప్పి రెండో వైపు తుడిచాడు. "మా ముగ్గురికీ."

నర్సమ్మకి అరచేతిలో మరలు వేడెక్కినట్టనిపించింది. ఇద్దరు పట్టే ఆ క్వార్టర్లో ముగ్గురు సర్దుకుంటారు గాని, నలుగురున్న ఈ ఇంట్లో ఉండలేకపోయారా? ఏం లోటు చేశానని అడిగింది. ఆ పిల్లని ఎన్నడైనా ఒక్క మాటన్నానా, నువ్వే చెప్పు అంది.

"నువ్వు అనలేదమ్మా," అన్నాడు కొడుకు. "దేవుడికి చెప్పావు. మేం పక్కన కూర్చుని విన్నాం."

"నా బాధ దేవుడికి చెప్పుకోవడం కూడా తప్పేనా?"

"దేవుడికి వినబడేలా చెప్పుకుంటే తప్పేముంది?" అతని గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "నువ్వు తనకి వినబడేలా చెబుతున్నావు."

అటు పెళ్లాం, ఇటు తల్లి, మధ్యలో తాను అడకత్తెరలో పోకచెక్కనయ్యానని గొణిగాడు. నర్సమ్మ మరలు పీట మీద పెట్టి లేచింది. ఇదంతా ఆ కండక్టరు నోటి మహిమ అనుకుంది. ఆ పిల్ల నోరు మొదట్నుంచీ అంతే. ఇంట్లో ఉన్నా బస్సులో ఉన్నట్టే అరుస్తుంది. స్నానాల గది ముందు నిలబడి మొగుణ్ణి, లోపలున్నవాళ్లు త్వరగా దిగాలి అంటుంది. కంచం ముందు కూర్చున్న బిడ్డని, ఇదే ఆఖరి స్టేజీ, ముద్ద మింగు అంటుంది. అంత గట్టి నోరున్న మనిషికి ఇంత మెత్తటి మాటలు గుచ్చుకున్నాయంటే ఎవరు నమ్ముతారు?

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆ సంగతే ఎత్తుకున్నట్టు నర్సమ్మకి అనిపించింది. గుండెలో ఏది నిండి ఉంటే అదే నోటి గుండా పొర్లుతుందని ఆయన చెబుతున్నారు. కడుపునొప్పి అన్నవాణ్ణి కూడా డాక్టరు ముందు నాలుక చూపించమంటాడు, ఎందుకో మన నర్సమ్మగారిని అడగండి అన్నారు. అందరూ ఆమె వైపు తిరిగారు. లోపలి సంగతి నాలుక మీద తెలుస్తుందన్నట్టు ఆమె హుందాగా తల ఊపింది. తర్వాత అదే బల్ల చివర కూర్చున్న కోడలి వైపు, విన్నావా అన్నట్టు ఓ చూపు చూసింది. ఆ చూపు కోడలు చూడలేదు. ఒళ్లో నిద్రపోతున్న పిచ్చుక తలకింద చెయ్యి నొప్పెట్టినా కదపకుండా వింటోంది.

నెలకో ఆదివారం పాస్టరుగారూ, ఆయన భార్యా ఒక్కో ఇంటికి వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు. ఆ సాయంత్రం నర్సమ్మ ఇంటి వంతు. టీలు అయ్యాయి. పాటా అయ్యింది. పాట మధ్యలో పాస్టరుగారు ఎప్పటిలాగే రాగం తప్పి, ఎప్పటిలాగే గట్టిగా పాడి గట్టెక్కారు. ప్రార్థన దగ్గరికొచ్చేసరికి, ఇవాళ మన చిన్నతల్లి చేస్తుంది అన్నారు. పిచ్చుకకి ఎన్నాళ్లనుంచో ఉన్న కోరిక అది. కుర్చీలోంచి దిగి గది మధ్యలో నిలబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. దగ్గింది. అచ్చం నాయనమ్మలాగే, రెండుసార్లు.

"ప్రేమగల తండ్రీ, ఈ ఇంట్లో కొందరు ఉన్నారు. పేరు చెప్పను ప్రభువా, నీకే తెలుసు. కొందరు నా బిస్కెట్టు తినేశారు. వాళ్లు గడ్డం గీసుకుంటారు. వాళ్లకి బుద్ధి కలిగించు."

పాస్టరమ్మ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారి భుజాలు కదిలాయి. పిచ్చుక తండ్రి మూసిన కళ్లు ఇంకాస్త గట్టిగా మూసుకున్నాడు.

"కొందరు చర్చిలో పాట తప్పు పాడతారు తండ్రీ. పేరు చెప్పను. మైకు వాళ్ల దగ్గరే ఉంటుంది."

పాస్టరుగారి భుజాలు ఆగిపోయాయి. ఇప్పుడు పాస్టరమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నర్సమ్మకి కూడా పెదవుల చివర నవ్వు వచ్చి నిలిచింది. పిల్ల గొంతు అప్పుడే ఇంకొంచెం మెత్తబడింది. ఆ మెత్తదనం వినగానే నర్సమ్మ నవ్వు ఉన్నచోటే ఆరిపోయింది. అదెక్కడిదో ఆమె గుర్తుపట్టింది.

"ఇంకా మా అమ్మ. అమ్మకి ఊరందరి మీదా ధ్యాసే గాని నా మీద లేదు. అమ్మకి నేనంటే ఇష్టం కలిగించు ప్రభువా. అంతవరకూ నాకు ఓపిక ఇవ్వు."

ఆమేన్ అని పిల్ల తనే అనుకుంది. పిచ్చుక కళ్లు తెరిచి అందరి ముఖాలూ చూసి, మెప్పు కోసం నాయనమ్మ మోకాలు పట్టుకుంది.

"బాగా చేశానా నాయనమ్మా?"

కోడలు లేచి, టీ కప్పులన్నీ ఒక పళ్లెంలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. బస్సు ఎంత ఊగినా నిలబడి టికెట్లు కొట్టే మనిషి. ఆ నాలుగడుగుల దూరంలో కప్పులు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి.

పాస్టరుగారు పిల్ల తల నిమిరి, పెద్దగా ఏమీ అనకుండానే సెలవు తీసుకున్నారు. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన నర్సమ్మను, నిజంగానే పాట తప్పు పాడతానా అమ్మా అని చిన్నగా అడిగారు. ఆమె ఆయన కళ్లలోకి చూసింది.

"కొంచెం," అంది.

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఒక మనిషి కళ్లలోకి చూసి, ఉన్నమాట ఉన్నట్టు చెప్పి ఎన్నాళ్లయిందో నర్సమ్మకి గుర్తు రాలేదు. చెప్పినందుకు పైకప్పేమీ విరిగి పడలేదు.

వంటింట్లో కోడలు కుళాయి కింద కప్పులు కడుగుతోంది. కడిగినదాన్నే మళ్లీ కడుగుతోంది. నర్సమ్మ గుమ్మంలో నిలబడింది. పిల్లకేం తెలుసు, ఏదో విన్నది అంటుంది, నువ్వు మనసులో పెట్టుకోకు అని మెత్తగా మొదలుపెట్టింది. కోడలు కుళాయి కట్టేసింది.

"ఆ మాటలు దానివి కాదత్తయ్యా," అంది.

నర్సమ్మ కడిగిన కప్పుల వైపు చూసింది.

"నన్ను తిట్టండి. నేను కాదనను. బస్సులో రోజూ ఎంతమంది చేత తిట్లు తింటానో నాకే తెలీదు. వాళ్లొకటంటారు, నేనొకటంటాను. వాళ్ల స్టాపు రాగానే వాళ్లు దిగిపోతారు, తిట్లూ దిగిపోతాయి. మీరేమో కళ్లు మూసుకుని తిడతారు. నేనేం చెయ్యను? ప్రార్థనలో కళ్లు తెరిస్తే పాపం, నోరు తెరిస్తే ఇంకా పాపం. ఆఖర్న ఆమేన్ కూడా అనాలి. అంటే నేను చెడ్డదాన్నని నేనే ఒప్పుకున్నట్టు. ఏడాది ఒప్పుకున్నాను. ఇక నావల్ల కాలేదు."

ఆమె గొంతు ఎక్కడా పైకి లేవలేదు. నర్సమ్మకి అదే కొత్తగా ఉంది. అరిచే మనిషి అరవడం మానేస్తే ఎంత దూరం వెళ్లిపోయిందో అప్పుడు తెలుస్తుంది.

"అంట్లంటారా, నిజమే, కాళ్లు లాగి వదిలేస్తాను. పిల్లకి జడ వెయ్యలేదంటారా, బస్సుకి ఆలస్యమవుతుంది. అవన్నీ నిజాలే. కానీ నా బిడ్డ ఏమనుకుంటోందో విన్నారా అత్తయ్యా? తనంటే నాకిష్టం లేదనుకుంటోంది. దేవుణ్ణి అడుగుతోంది." ఆమె తడిచేత్తోనే ముఖం తుడుచుకుంది.

నర్సమ్మ తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. బయట ఇంకా వెలుతురుంది. అలవాటు ప్రకారం మంచం పక్కన మోకరించింది. ప్రభువా, నా కోడలికి నా మనసు తెలుసుకునే బుద్ధి అంది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. తండ్రీ, నా కొడుకుకి తల్లి విలువ. మళ్లీ ఆగింది. ఇంకోలా ప్రయత్నించింది. పెద్దవాళ్లని అర్థం చేసుకోలేని ఈ కాలం పిల్లలకి. నోరు తెరిస్తే ఎవరో ఒకరి మీద చాడీ తప్ప మరొకటి రావడం లేదు. ఇన్నాళ్లూ దేవుడితో మాట్లాడుతున్నాననే అనుకుంది. ముఖం మాత్రమే ఆయన వైపు ఉంది. మాట కోడలి వైపు వెళ్లింది. ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, తాను చాటున ఉండి విసిరింది.

గోడ అవతల కోడలి గొంతు వినబడింది. ఈసారి పాత గొంతే, బస్సు గొంతు.

"ఎవరే నీకు చెప్పింది, నువ్వంటే నాకిష్టం లేదని? ఇలా రా. ఇష్టం లేకపోతే నీ ముక్కు ఇంత చీమిడితో ఉన్నా ముద్దు పెట్టుకుంటానా? కూర్చో, జడ వేస్తాను. కదిలావంటే నడిరోడ్డు మీద దింపేస్తా."

"టికెట్టు కొన్నాను, దింపకూడదు," అంది పిచ్చుక. ఆ తర్వాత ఇద్దరి నవ్వూ వినబడింది. కితకితలు కూడా పెట్టినట్టుంది, పిల్ల కీచుమంది.

నర్సమ్మ మోకాళ్ల మీదే ఉండి విన్నది. అంత మోటు మాటలకి ఆ పిల్ల అంతగా నవ్వుతోంది. నాయనమ్మ వెన్నలాంటి మాటలు విని మాత్రం, కన్నతల్లికి తానంటే ఇష్టం లేదనుకుంది. ఆ ఆలోచన ఆమెకి సూదిలా కాదు, మొండి కత్తిలా దిగింది.

చాలాసేపటికి ఆమె నోటికి ఒక్కటే మాట వచ్చింది. భయమేస్తోంది తండ్రీ. అంతే. ఆ మాటలో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. మిగిలిన మాటలన్నీ ఇన్నాళ్లూ దాన్ని కప్పుకున్న దుప్పట్లని ఆమెకి అప్పుడు తెలిసింది. అప్పుడు ఏడ్చింది.

సోమవారం పొద్దున్న దగ్గు వినబడలేదు. అందరూ ఎవరికి వాళ్లే వచ్చి కూర్చుని ఎదురుచూస్తున్నారు. నర్సమ్మ వచ్చి తన కుర్చీని కాస్త జరుపుకుని, కోడలికి ఎదురుగా కూర్చుంది. కళ్లు మూసుకోలేదు.

"ప్రార్థన తర్వాత చేద్దాం. ముందు నీతో మాట్లాడాలి," అంది.

కోడలి చెయ్యి సంచీ పట్టీ మీద బిగుసుకుంది. కొడుకు గోడ వైపు చూశాడు.

"అంట్లు అలా వదిలేస్తే నాకు ఒళ్లు మండుతుందమ్మాయ్," అంది నర్సమ్మ. మెత్తదనం లేని ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "సబ్బు నీళ్లలో పడేసి వెళ్తావు. నానబెట్టడానికి అవేమైనా గింజలా? ఇంకా ఆ టికెట్ల సంచీ తెచ్చి నా మంచం మీదే పడేస్తావు. ఊరి దుమ్మంతా నా దుప్పటి మీదే."

కోడలి నోరు కొంచెం తెరుచుకుంది.

"ఇవి నిజంగా నా ఫిర్యాదులు. ఇక నీకు బిడ్డ మీద ధ్యాస లేదన్నది ఉంది చూశావూ, అది అబద్ధం. దేవుడి ముందు రోజూ అబద్ధం చెప్పాను. పిల్ల చెవిలో పోశాను." నర్సమ్మ కుర్చీని ఇంకాస్త ముందుకి జరుపుకుంది. "నువ్వు గేటు గడియ వేసుకుని వెళ్తావు. వీడు కొట్టుకి, ఇది బడికి. ఆ తర్వాత ఈ ఇంట్లో నా ఊపిరి నాకే వినబడుతుంది. మీ మావయ్య కూడా అలాగే, పొద్దున్నే గడియ వేసుకుని వెళ్లి, ఇక రాలేదు. నాకు భయమేస్తోంది, కాసేపు నా దగ్గర కూర్చోవే అని చెప్పడానికి సిగ్గేసింది. అందుకని నీకు ధ్యాస లేదన్నాను. నన్ను క్షమించు అమ్మాయ్."

కోడలు సంచీ పట్టీతోనే కళ్లు తుడుచుకుంది.

"ఇంతేనా అత్తయ్యా? ఇంకేమైనా ఉన్నాయా?"

"ప్రస్తుతానికి ఇంతే."

"అయితే నేనూ చెప్పొచ్చా?"

"చెప్పు."

"నేను వండిన కూర నోట్లో పెట్టుకోకముందే ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది."

నర్సమ్మ ఆలోచించింది. "పెట్టుకుంటాను. నిజమే," అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో చెప్పడం కష్టం. నర్సమ్మ నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ ఏడ్చింది. కోడలు కుర్చీ చివర నుంచి లేచి వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. ఈ సందట్లో సగం గడ్డం కొడుకు లేచి, బిస్కెట్టు తిన్నది నేనేనని కూతురికి ఒప్పేసుకున్నాడు. నాకు తెలుసు, దేవుడికి కూడా తెలుసు అంది పిచ్చుక.

అప్పుడు కోడలికి గడియారం కనబడింది. డ్రైవరు హారను కొట్టి కొట్టి చచ్చుంటాడు అంది. రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"చెప్పులేసుకోండత్తయ్యా. పిల్లని ఆయన బడిలో దింపుతారు. ఇవాళ మీరు ఇంట్లో ఒక్కరే ఉండొద్దు. నా బస్సెక్కండి."

నర్సమ్మ ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. ముందువైపు కిటికీ పక్కన సీట్లో ఆమెను కూర్చోబెట్టి, కోడలు తన పనిలో పడింది. దిగేవాళ్లు తలుపు దగ్గరికి, దిగనివాళ్లు లోపలికి అని అరిచింది. ఒక పెద్దాయన మెట్టెక్కలేక అవస్థ పడుతుంటే, ఆగవయ్యా, తాతగారి కాలు ఇంకా నేల మీదే ఉంది అని డ్రైవర్ని కసిరింది. కసురుతూనే ఆయన్ని రెక్క పట్టుకుని పైకి లాగి కూర్చోబెట్టింది. నిండు నెలల మనిషి నిలబడి ఉంటే, సీట్లో కూర్చున్న కుర్రాడి భుజం తట్టి, లే బాబూ, నిలబడితే ఇంకాస్త పొడుగవుతావు అంది. ఎవరో గొణిగారు. ఆమె తిరిగి అంతకు రెట్టింపు గొణిగింది. వాళ్ల స్టాపు రాగానే వాళ్లు దిగిపోతూ, వస్తామమ్మా అని చెప్పి మరీ దిగారు.

"అత్తయ్యా, చెయ్యి కిటికీలోంచి లోపల పెట్టుకోండి. నేను చూడలేదనుకుంటున్నారా," అని వెనక నుంచి ఒక కేక వచ్చింది. బస్సంతా తిరిగి నర్సమ్మను చూసింది. ఆమె చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. నాలుక చూసి లోపలి సంగతి చెప్పగల తాను, ఇన్నాళ్లూ ఆ గొంతు విన్నదే గాని దాని లోపల ఏముందో చూడలేదనుకుంది. కిటికీ అవతల వీధులు వెనక్కి పోతుంటే, కళ్లు తెరుచుకునే ప్రార్థన చేసుకుంది. కోడలి పేరు చెప్పి, ఆమె కోసం వందనాలు చెప్పింది. అది బస్సులో ఎవరికీ వినబడలేదు.

తిరుగు ప్రయాణంలో డిపో దగ్గర బస్సు ఆగింది. ఆఫీసు కిటికీలోంచి సూపరింటెండెంటు తల బయటపెట్టి, చెవి వెనక పెన్ను సర్దుకుంటూ, ఏమ్మా, క్వార్టరు తాళం సంగతి ఏం చేశావు, అవతల ఇంకొకళ్లు అడుగుతున్నారు అన్నాడు.

"వాళ్లకే ఇచ్చేయండి సార్," అంది కోడలు మెట్టు మీద నిలబడి.

"అదేమిటి? ఇంట్లో పడటం లేదు, వెంటనే కావాలని నువ్వేగా అడిగావు. ఏమైంది?"

"ఇవాళ పొద్దున్న మా అత్తయ్య నన్ను తిట్టింది సార్," అంది ఆమె. ముఖమంతా వెలిగిపోతోంది. "మొహం మీదే తిట్టింది."

ఆయన ఆమెను చూశాడు. కిటికీ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్న పెద్దావిడను చూశాడు. ఏదో అడగబోయి, దేనిగురించి అడగాలో తెలియక ఊరుకున్నాడు. అప్పటికే కోడలు బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, రైట్ రైట్ అని అరిచింది.